తిరిగే కన్ను, ఆగని మోటారు

ఆ రోజు పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. స్నానం చెయ్యాలి. కంటి ఆసుపత్రికి వెళ్ళి తాను రాసిన యాప్‌ను మొదలుపెట్టించాలి. నలుగురూ బాగుందంటే సిగ్గుపడినట్టు నటించాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి భోంచేసి ఒక కునుకు తియ్యాలి. ఇంత చక్కటి పథకం ఈ భూమ్మీద ఇంకెవరూ వేసి ఉండరని అతని నమ్మకం. నిజానికి అతనికీ సొంత పేరు ఒకటుంది గానీ, మామగారు వచ్చి వీళ్ళింట్లో ఉండటం మొదలుపెట్టాక కింది వాటా వాళ్ళతో సహా అందరికీ అతను అల్లుడే అయిపోయాడు.

ఈ అల్లుడికి ఒక గుణం ఉంది. ఏదైనా వెయ్యడం వచ్చు, ఆపడం రాదు. అతను ఏ దారిన నడిచి వెళ్ళాడో కనుక్కోవాలంటే వెలుగుతున్న లైట్లు చూసుకుంటూ పోతే చాలు.

"ఏమండీ, స్నానాల గదిలో లైటు, హాల్లో ఫ్యాను, ఎవరూ చూడని టీవీ! వేసేది మీరు, ఆపేది ఊళ్ళోవాళ్ళా?" అంది భార్య, చెప్పులు వేసుకుంటూ.

"ఉన్నవాళ్ళు ఆపుతారులే. ఇంట్లో మనుషులు లేరా ఏమిటి?"

"సరే, మీకు చెప్పడం నా బుద్ధి తక్కువ. ఇవాళ మాత్రం పని చక్కబెట్టుకుని రండి. ఆ హెడ్డాఫీసు మాట మళ్ళీ నా చెవిన పడకూడదు."

ఆవిడ భయం ఆవిడది. ఫిజియోథెరపీ చదువుకుని, ఇంకొకరి దగ్గర పని చేసీ చేసీ, ఈమధ్యనే వీధి మలుపులో సొంతంగా ఒక గది తెరిచింది. గోడ పట్టుకుని వచ్చినవాళ్ళు గోడ వదిలేసి వెళ్తున్నారు. సరిగ్గా ఇప్పుడే అల్లుడి మేనేజరు ఒక బాంబు పేల్చాడు. అల్లుడు రాసిన గత రెండు యాప్‌లనూ ఆయన "అక్షరాలు అలికేసినట్టున్నాయి, రంగులు వెలిసిపోయాయి" అని తిప్పికొట్టాడు. "ఇది కూడా తిరిగొచ్చిందంటే నిన్ను హెడ్డాఫీసుకి పంపేస్తాను బాబూ" అన్నాడు. హెడ్డాఫీసంటే రాత్రంతా రైల్లో కూర్చుంటేగానీ రాని ఊరు. అక్కడికి వెళ్ళాలంటే గది మూసెయ్యాలి, గోడ పట్టుకున్నవాళ్ళను గోడకే వదిలెయ్యాలి.

భార్య వెళ్ళిపోయాక అల్లుడు పంపు తిప్పితే బుసబుసమని గాలి వచ్చింది. వంటింటి తలుపు వెనకాల ఉన్న మోటారు స్విచ్చి వేశాడు. ఆ మోటారు సామాన్యమైంది కాదు. అది మొదలైందంటే అలమరలో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నాలుగు వీధుల అవతల ఉన్న బావిలో నీళ్ళు ఉలిక్కిపడి జానెడు కిందికి దిగుతాయని చెప్పుకుంటారు. అల్లుడు స్నానం ముగించి తల తుడుచుకుంటున్నాడో లేదో మేనేజరు ఫోను.

"ఎక్కడున్నావయ్యా? డాక్టరమ్మగారు ఇవాళ తొందరగా వస్తారట. నేను ఆవిణ్ణి వెంటబెట్టుకుని వస్తున్నాను. నువ్వు ముందే ఉండాలి!"

అల్లుడు ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయట పెట్టుకుని పరుగెత్తాడు. హాల్లో మామగారు ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నారు. ఆయనకు కూడా ఆ రోజే, ఆ ఆసుపత్రిలోనే కంటి పరీక్ష.

"అల్లుడుగారూ, మోటారు..." అన్నారు మామగారు.

"అవును మామయ్యగారూ, వేశాను! అక్కడ కలుద్దాం!" అని మెట్లు దిగిపోయాడు. ఇంట్లో మనిషి ఉన్నాడుగా!

మామగారి గురించి కాస్త చెప్పుకోవాలి. ఆయన రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు లాగి లాగి రిటైరయ్యారు. సిగ్నల్ పడకుండా కదలడం అనేది ఆయన ఒంట్లో లేదు. వీధి దాటాలన్నా అటూ ఇటూ చూసి, చెయ్యి చాపి, తనకు తానే అనుమతి ఇచ్చుకుని అప్పుడు అడుగు వేస్తారు. ఒక విందులో "కూర్చోండి" అని అనేవాళ్ళు లేక, వంటవాళ్ళు గిన్నెలు తోముకుని వెళ్ళిపోయేదాకా నిలబడే ఉన్నారట.

ఇక ఆసుపత్రి. ఆ రోజు నుంచి అక్కడ కౌంటరు తీసేశారు. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి బుట్ట నిండా ట్యాబులు పెట్టుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకు తలా ఒకటి చేతిలో పెడుతుంది. పేరు కొట్టి "వచ్చాను" అని నొక్కితే, ఏ గదికి వెళ్ళాలో ట్యాబే చెబుతుంది. నొక్కాక జవాబు వచ్చేదాకా తెర మీద మామూలుగా ఒక చక్రం తిరుగుతుంది కదా, కంటి ఆసుపత్రి కాబట్టి అల్లుడు దాని బదులు ఒక పెద్ద కన్ను గీయించాడు. అందులో నల్లగుడ్డు గిరగిరా తిరుగుతుంది. కింద "దయచేసి ఆగండి. వెనక్కి వెళ్ళకండి" అని ఉంటుంది. రెప్పపాటులో కన్ను పోయి గది నెంబరు రావాలి. పథకం అదీ.

కళ్ళజోళ్ళ ఫ్రేములు దాచే చిన్న గదిని అల్లుడికి ఇచ్చారు. లైటు వేశాడు, ఫ్యాను వేశాడు, లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. తెర మీద పేర్లు వరసగా పడుతున్నాయి. ఫలానావారు వచ్చారు, మూడో గదికి పంపబడ్డారు. ఇంకొకరు వచ్చారు, మూడో గదికే. అన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. అల్లుడి మనసు తేలిపోయింది. మేనేజరుకు ఫోను చేసి, "సార్, దూసుకుపోతోంది!" అన్నాడు.

ఫోను పెట్టేసరికి గుమ్మంలో మూడో గది కుర్ర డాక్టరు.

"ఏమండీ, నా గది జనంతో నిండిపోయిందని కంప్యూటర్ అంటోంది."

"ఆహా! సంతోషమండీ!"

"నేనూ, నా కుర్చీ తప్ప అక్కడ పురుగు కూడా లేదండీ."

అల్లుడు బయటికి వచ్చి వసారాలోకి తొంగిచూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు. లోపలి గదులకు దారితీసే అద్దాల తలుపు ముందు మామగారు నిటారుగా నిలబడి ఉన్నారు. ఒక చేతిలో ట్యాబు, రెండో చెయ్యి వెనకవాళ్ళకు అడ్డంగా చాపి ఉంది. ఆయన వెనకాల వరస వసారా దాటి, మెట్లు దిగి, వీధిలోకి పోయింది. వీధిలో పోయేవాళ్ళు కొందరు లోపల ఏదో పంచుతున్నారనుకుని తోకలో నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ కళ్ళు తిరుగుతున్నాయి.

"మామయ్యగారూ, ఇదేమిటి?"

"సిగ్నల్ పడలేదు" అన్నారు మామగారు, కళ్ళు ట్యాబు మీది నుంచి తిప్పకుండా. "ఆగమంది. ఆగాను. వెనక్కి వెళ్ళొద్దంది. వెళ్ళలేదు."

"మీది మూడో గదండీ! నేను చెబుతున్నాను, వెళ్ళండి."

"ఎర్ర దీపం వెలుగుతుండగా నోటిమాట మీద బండి కదపమంటారా అల్లుడుగారూ? రేపు ఏదైనా అయితే జవాబు చెప్పేదెవరు?"

"ఆ యాప్ రాసిందే నేనండీ!"

"రాసినవారైతే ఆ మాట అందులోనే చెప్పించండి."

వెనకాల వరస "అదీ నిజమే" అని గొణిగింది. తొందరపాటు మనిషి ఒకాయన పక్కనుంచి దూరబోయాడు. "ఆగు నాయనా! లైను మీద బండి ఉండగా ఎదురెళ్తావా?" అని మామగారు గద్దించేసరికి ఆయన తన చోటికి పోయి తల దించుకున్నాడు.

ఇంతవరకూ అయితే ఏదో సర్దుకునేవాళ్ళు. వరసలో మూడో మనిషి ఒక బామ్మగారు. తిరిగే కన్నును ఆవిడ ముందు నుంచీ శ్రద్ధగా చూస్తోంది. కంటి ఆసుపత్రి, చేతిలో కన్ను, ఆగమని ఆజ్ఞ. ఆవిడకు విషయం అర్థమైపోయింది.

"అమ్మాయ్, ఏ కన్ను మూసుకోవాలే?" అని అడిగింది.

ట్యాబుల అమ్మాయి బుట్టలోంచి తలెత్తకుండానే, "ఏదైనా ఫరవాలేదు బామ్మగారూ, అన్నీ ట్యాబే చెబుతుంది" అంది.

బామ్మగారు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గుడ్డు ఎటు తిరిగితే అటు తిప్పడం మొదలుపెట్టింది. పక్కాయన అది చూసి తనూ మూశాడు. ఆయన వెనకాయనకు తానొక్కడే పరీక్ష తప్పుతానేమోనని బెంగ పుట్టింది. మెడకు మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దమనిషికి తెలియని విషయం లోకంలో లేదు. "తల కదపకూడదు. గుడ్డు మాత్రమే తిరగాలి. ముక్కుతో గాలి పీల్చండి" అని వరసంతటికీ వినిపించేలా చెప్పాడు. అంతే, ఆ మాట వసారా దాటి, మెట్లు దిగి, వీధి చివరికి పాకింది. ట్యాబులు లేని తోకవాళ్ళు కూడా ముందువాళ్ళ భుజాల మీదుగా చూస్తూ ఒంటికన్ను మూసి తిప్పడం మొదలుపెట్టారు. ఆ వీధిన పోతున్న ఒక సైకిలాయన ఊరంతా తననే చూసి కన్ను కొడుతోందనుకుని సిగ్గుతో ఇంకో వీధిలోకి తిరిగిపోయాడట!

అల్లుడు ఒక ట్యాబు లాక్కుని, యాప్ మూసి మళ్ళీ తెరిచాడు. "వచ్చాను" నొక్కాడు. కన్ను ప్రత్యక్షమై మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. కాలు కాలిన పిల్లిలా ఫ్రేముల గదిలోకి పరుగెత్తి తన రాతను తనే చదువుకున్నాడు.

యాప్ లోపలి సంగతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. ప్రతి తెరకూ వ్యూ కంట్రోలర్ అని ఒక పెత్తందారు ఉంటాడు. మొదటి తెర పెత్తందారు "వచ్చాను" అన్న మాట విని, ట్యాబు మొత్తం మీద కన్ను అనే పరదా కప్పుతాడు. జవాబు రాగానే రెండో తెరను పిలుస్తాడు. గది నెంబరు చూపించేది ఆ రెండోవాడు. మనుషుల పేర్లు పడుతున్నాయి, గదులు కేటాయింపవుతున్నాయి, అంటే రెండోవాడు వచ్చాడన్నమాటే. వచ్చి పరదా వెనకాల బుద్ధిగా నిలబడి "మూడో గది, మూడో గది" అని చూపిస్తూనే ఉన్నాడు. పరదా తియ్యడమే లేదు. ఎందుకు తియ్యడం లేదు? నిన్న మొన్నటిదాకా అదే తొలగిపోయేది కదా!

సరిగ్గా అప్పుడే మేనేజరు గొంతు వసారాలో వినిపించింది. పక్కన ఆసుపత్రి యజమానురాలు, డాక్టరమ్మగారు. తన ఆసుపత్రి నిండా జనం ఒంటికన్ను మూసి గుడ్లు తిప్పుతుంటే ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటండీ ఇది?"

మేనేజరు తెలియదని చెప్పే రకం కాదు. పుట్టినప్పుడు కూడా తనకు ముందే తెలుసన్నట్టు ఏడ్చాడట. "కంటి వ్యాయామం మేడమ్! ఎదురుచూసే సమయం వృథా కాకూడదని మా సొంత ఆలోచన" అన్నాడు. అని, అల్లుడి పక్కకు వంగి, "సామాన్లు సర్దుకో" అని గొణిగాడు.

అల్లుడి కళ్ళ ముందు భార్య గదికి తాళం కనిపించింది.

"నన్నడక్కుండా నా పేషెంట్ల చేత వ్యాయామాలా? ఏదీ, ఎలా చెయ్యాలో మీరు చేసి చూపించండి" అంది డాక్టరమ్మ.

మేనేజరు బుట్టలోంచి ఒక ట్యాబు తీసి "వచ్చాను" నొక్కాడు. ఎడమ కన్ను మూసుకుని, తిరిగే గుడ్డు వెంట కుడి కన్ను తిప్పాడు. "చూశారా మేడమ్, ఎంత హాయిగా ఉందో!" అన్నాడు. తర్వాత కుడి కన్ను మూశాడు. ఒక్కసారిగా ఆయన ముఖం వెలిగిపోయింది.

"అదిగో ఆగిపోయింది! చెప్పాను కదా మేడమ్, బ్రహ్మాండంగా పని చేస్తుందని! తెరంతా తెల్లగా వచ్చేసింది!"

డాక్టరమ్మ వంగి ట్యాబులోకి చూసింది. అల్లుడూ చూశాడు. కన్ను గిరగిరా తిరుగుతూనే ఉంది.

"ఆ కన్ను తెరవండి" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు?"

"అయ్యో, మళ్ళీ మొదలైందండీ."

"మళ్ళీ కుడి కన్ను మూయండి."

"ఆగింది."

"అందులో ఏమీ ఆగలేదండీ. మీ ఎడమ కంటికే కనబడటం లేదు." ఆవిడ గొంతులో కోపం పోయి డాక్టరు వచ్చింది. మేనేజరు మోచెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది? లోపలికి రండి." రెండడుగులు వేసి అల్లుడి వైపు తిరిగింది. "నేను బయటికి వచ్చేసరికి ఈ వరస కదలాలి బాబూ. లేదా ఈ బుట్ట ఎత్తుకుని మీరు కదలాలి."

మామగారు డాక్టరమ్మకు మాత్రం చెయ్యి తీసి దారి ఇచ్చారు. అత్యవసర బండికి నిబంధన వేరట.

అల్లుడు ఫ్రేముల గదిలో జుట్టు పీక్కుంటుండగా ఫోను మోగింది. కింది వాటా పిన్నిగారు.

"ఏం బాబూ, మోటారు వేసి ఏ దేశం పోయావు? ట్యాంకు పొంగి మెట్ల మీది నుంచి నీళ్ళు దూకుతున్నాయి! నా చెప్పులు ఈదుకుంటూ వీధి చివరికి పోయాయి!"

"కంగారు పడకండి పిన్నిగారూ. మా మామయ్యగారు ఇంట్లోనే ఉన్నారుగా, ఆపుతారు."

"ఎక్కడున్నారయ్యా? తలుపుకు తాళం వేలాడుతుంటేనూ!"

అల్లుడు గుమ్మంలోంచి బయటికి చూశాడు. వరసకు మొదట, చెయ్యి చాపుకుని, మామగారు.

"వేసిన మనిషివి గడప దాటి పోతే, నీ వెనకాల ఎవరు ఆపుతారనుకున్నావు?" అంది పిన్నిగారు.

అల్లుడి ఫోను చెవి దగ్గరే ఉంది, కళ్ళు మాత్రం లాప్‌టాప్ మీద పడ్డాయి. నిన్న సాయంత్రం మేనేజరు ఒక కోరిక కోరాడు. పేషెంట్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ "వచ్చాను" నొక్కకుండా, రెండో తెర రాగానే మొదటి తెరను పూర్తిగా తీసెయ్యమన్నాడు. అల్లుడు తీసేశాడు. పరదా తియ్యడం మాత్రం, చూపుకు సొగసుగా ఉంటుందని, మొదటివాడు రెండోవాణ్ణి పిలిచి ఒక్క క్షణం ఆగి చేసే పనిగా ముందే రాసి ఉంది. ఇప్పుడు ఆ క్షణం గడిచేసరికి మొదటివాడు లోకంలోనే లేడు. కప్పినవాడు వెళ్ళిపోయాడు, వచ్చినవాడికి పరదా సంగతే తెలియదు. మరి నిన్న పరీక్షించలేదా అంటే, పరీక్షించాడు. మొదటి తెర నుంచి నడిచి రావడానికి బద్ధకించి, తిన్నగా రెండో తెరనే తెరిచి చూసి, భేష్ అనుకున్నాడు.

ఉన్నవాళ్ళు ఆపుతారులే!

"పిన్నిగారూ! మీ కాళ్ళకు దండం పెట్టాలి!" అని అరిచాడు.

"దండం తర్వాత పెడుదువు గానీ, నేను మెయిన్ పీకేస్తున్నాను. ఇల్లంతా కరెంటు పోతుంది, ఆనక నన్ననకు."

"పీకెయ్యండి! అన్నీ పీకెయ్యండి!"

అల్లుడు చేసింది చూస్తే నవ్వొస్తుంది. కింద ఉన్న ఒక్క వాక్యాన్ని పైకి జరిపాడు. ముందు పరదా తియ్యి, తర్వాత రెండోవాణ్ణి పిలువు, ఆ తర్వాత నువ్వు ఎక్కడికైనా పో. ఈసారి మొదటి తెర నుంచే నడిచి వచ్చి చూశాడు. ఒకటికి రెండుసార్లు నొక్కి చూసుకుని, కొత్త యాప్‌ను ట్యాబులన్నిటిలోకీ వదిలాడు. వదిలి, ఊపిరి బిగబట్టి గుమ్మంలో నిలబడ్డాడు.

మామగారి చేతిలో తెర ఒక్కసారి ఆరి వెలిగింది. ఆయన పద్ధతిగా "వచ్చాను" నొక్కారు. కన్ను ఒక్క చుట్టు తిరిగి మాయమైంది. పచ్చటి అక్షరాల్లో "మూడో గదికి వెళ్ళండి" అని పడింది. మామగారు దాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు చదివారు. అటూ ఇటూ చూశారు. అడ్డం పెట్టిన చెయ్యి దించి, జేబులోంచి రుమాలు తీసి ఒక్క ఊపు ఊపి, "లైన్ క్లియర్!" అన్నారు.

వరస గలగలమని కదిలింది. ఆనకట్ట తలుపులు ఎత్తినట్టు జనం గదుల్లోకి ప్రవహించారు. బామ్మగారు ఒక్కరే ట్యాబుల అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "నాకు ఇంకా ఎడమ కన్ను పరీక్ష కాలేదే!" అని తగువు పెట్టుకుంది. అల్లుడు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

కాసేపటికి మేనేజరు బయటికి వచ్చాడు. కళ్ళలో చుక్కలు వేశారేమో, గోడ తడుముకుంటూ వచ్చి అల్లుడి పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"పొరటయ్యా" అన్నాడు మెల్లగా. "ఎడమ కంట్లో బాగా ముదిరింది. కుడి దాంట్లోనూ మొదలైందట. చిన్న ఆపరేషన్‌తో పోతుందిట. ఇవాళ ఆ మాయదారి కన్ను తిరక్కపోతే ఇంకా ఎన్నాళ్ళకు తెలిసేదో."

"పోన్లెండి సార్, సమయానికి బయటపడింది."

మేనేజరు రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తర్వాత అడిగాడు. "ఆ పాత యాప్‌లు రెండూ... అక్షరాలు నిజంగానే అలికేసినట్టుండేవా?"

"అందరికీ బాగానే కనిపించేవి సార్."

"రంగులు?"

"గాఢంగానే ఉండేవి సార్."

"ఊఁ" అన్నాడు మేనేజరు. ఆయన జీవితంలో తప్పు ఒప్పుకోవడానికి అంతకన్నా పొడుగైన మాట వాడినట్టు దాఖలా లేదు. "సామాన్లు సర్దావా?"

"ఇంకా లేదు సార్."

"సర్దకు. నువ్వు హెడ్డాఫీసుకి పోతే నా ఆపరేషన్ అయ్యేదాకా నాకు తెర చదివిపెట్టేదెవరు? ఇక్కడే ఉండు."

డాక్టరమ్మ గుమ్మంలోంచి, "ఆ కన్ను మాత్రం తీసెయ్యకండి బాబూ. ఒక్కో కంటితో చూడమని కింద రాయండి. ఈసారి నాకు చెప్పి రాయండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి భార్య మెట్ల దగ్గర చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. పిన్నిగారు చీపురుతో నీళ్ళు తోస్తోంది. "ఒకందుకు మంచిదేలే, ఈ మెట్లు కడగమని నీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది" అంటోంది.

"బదిలీ లేదు" అన్నాడు అల్లుడు, మోటారు మాట ఎవరూ ఎత్తకముందే.

భార్య ఆ తడి మెట్టు మీదే కూలబడింది. "నిజంగానా?" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "నెత్తిన పాలు పోశారు. ఇక ట్యాంకు ఎన్నిసార్లు పొంగినా మిమ్మల్ని ఒక్క మాట అనను." కాసేపు ఆగి, "ఈ వారం" అని చేర్చింది.

అల్లుడు మామగారి వైపు తిరిగాడు. "మామయ్యగారూ, మీరు తాళం వేసి వచ్చేటప్పుడు మోటారు చప్పుడు వినలేదా?"

"విన్నాను. వంటింట్లోకి వెళ్ళి చూశాను కూడా. స్విచ్చి కిందికి ఉంది" అన్నారు మామగారు.

"మరి ఆపలేదేం?"

"ఒకరు లాగిన లీవరు ఇంకొకరు ముట్టుకోకూడదు అల్లుడుగారూ. ఆ సంగతి చెప్పబోతేనే మీరు వేశానని చెప్పి మరీ వెళ్ళారు."

అల్లుడు లోపలికి వెళ్ళి, వంటింటి తలుపు వెనక చెయ్యి పెట్టి, తాను వేసిన స్విచ్చి తానే ఆపాడు. పిన్నిగారు మెయిన్ పెట్టింది. ఇంట్లో దీపాలు వెలిగాయి. ఆ రోజు నుంచి తాను మారిన మనిషినని అతను అందరికీ వినిపించేలా ప్రకటిస్తుండగా ఫోను మోగింది.

ఫ్రేముల గదిలో లైటూ ఫ్యానూ ఎవరు వేసి వెళ్ళారని ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారు.